తమ్ముడి వంతు పాలు

నేను పుట్టిన ఏడు నిమిషాలకి తమ్ముడు పుట్టాడు. ఆ ఏడు నిమిషాల పెద్దరికం వల్లే నేను అక్కనయ్యాను. వాడికి ఏది తక్కువైనా ముందు నా వైపు చూడడం కూడా మా ఇంట్లో అప్పుడే మొదలైంది.

మాది ఇందుకూరుపేట మండలంలో, మైపాడు పోయే దారిలో ఒక పల్లె. ఇప్పుడు మా పొలాల్లో సగానికి పైగా రొయ్యల గుంటలే. మేం పుట్టిన రోజుల్లో మాత్రం అంతా వరే. అమ్మకి నెలలు పూర్తిగా నిండకముందే నొప్పులు వస్తే నెల్లూరు తీసుకెళ్లారు. ఇద్దరం తక్కువ బరువుతోనే పుట్టాం. అయినా బాగానే ఉన్నామని, మొదటి రెండు రోజులూ పోటీపడి ఏడ్చామని అమ్మ చెప్పేది.

మూడో రోజు తమ్ముడు పాలు పట్టడం మానేశాడు. ఒళ్లు చల్లబడింది. ఏడుపు పిల్లికూన అరుపులా సన్నగా అయిపోయింది. రక్తంలోకి క్రిములు చేరాయని చెప్పి వాణ్ణి గాజుపెట్టెలో పెట్టారు. చేతి నరం దొరక్క తల మీద నరానికి సూది గుచ్చి, పూటపూటకీ యాంటీబయాటిక్ ఎక్కించారు. అలా పద్దెనిమిది రోజులు. అమ్మ ఈ సంగతి ఎప్పుడు చెప్పినా పద్దెనిమిది అనే మాట దగ్గర ఆగి, ఒకసారి ఊపిరి తీసుకుని, తర్వాత చెబుతుంది.

ఆ పద్దెనిమిది రోజులూ వాడికి ముక్కులోంచి గొట్టం, గొట్టంలో డబ్బా పాలు. నేను మాత్రం వార్డులో అమ్మ పక్కలో పడుకుని, అడిగినప్పుడల్లా అమ్మ పాలు తాగాను. నాయనమ్మ రోజూ పొద్దున బస్సులో క్యారియర్ పట్టుకొచ్చేది. గాజు అద్దంలోంచి వాణ్ణి చూసి, ఇవతలికొచ్చి నన్ను చూసేది. వాడు పుల్లల్లాంటి కాళ్లతో కదలకుండా ఉంటే నేను రోజురోజుకీ నున్నబడుతున్నాను. ఒకరోజు అక్కడున్న వాళ్లందరూ వినేలా అనేసింది.

"చూడండమ్మా, వాడి వంతు పాలు కూడా ఇదే తాగేస్తా ఉండాది."

ఆ మాట ఆసుపత్రిలో పుట్టింది. మాతోపాటే ఇంటికొచ్చింది.

తమ్ముడు బతికాడు, అది పెద్ద సంగతి. పక్క పెట్టెలో ఉన్న బిడ్డ బతకలేదట. ఇంటికొచ్చాక అమ్మ పాలు ఇద్దరికీ ఇచ్చింది. కానీ వాడు నాతో సమానంగా ఎదగలేదు. నేను నడిచిన నాలుగు నెలలకి వాడు నడిచాడు. అంగన్‌వాడీలో నెలకోసారి దూలానికి తగిలించిన తక్కెడలో గుడ్డలాగు వేలాడదీసి, అందులో పిల్లల్ని కూచోబెట్టి తూకం వేసేవారు. నా కార్డు మీద చుక్కలు ఆకుపచ్చ రంగులో పైకి పోతుంటే వాడి చుక్కలు పసుపు రంగులో పాకుతూ ఉండేవి. టీచరమ్మ అమ్మని ఏమీ అనేది కాదు. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూపించేది, అంతే. అమ్మకి అదే చాలేది.

దానికి తోడు వాడికి జలుబు, దగ్గు వదిలేవి కావు. మా ఊరికి మోపెడ్ మీద ఒకాయన వచ్చేవాడు. డాక్టరు చదువు చదవలేదు గానీ ఊరందరికీ ఆయనే డాక్టరు. చెడ్డమనిషి కాదు, పిలిస్తే వానలో కూడా వచ్చేవాడు. తమ్ముడి గుండెల మీద ఒకసారి గొట్టం పెట్టి, సంచిలోంచి ఒక సీసా తీసేవాడు. సీసాలో తెల్లటి పొడి. కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి గిలకొట్టాలి. అది నాయన పని. పొడి కరిగేకొద్దీ ఇల్లంతా నారింజ బిళ్లల వాసన వచ్చేది. తమ్ముడికి ఆ మందంటే ఇష్టం. మూత నాకేవాడు. నాకూ ఒక చుక్క వెయ్యమని నేను ఏడ్చేదాన్ని.

రెండో రోజుకో మూడో రోజుకో జ్వరం దిగేది. మిగిలిన మందు గూట్లో దాచేవాళ్లు. మళ్లీ ఒళ్లు వెచ్చబడితే అదే సీసా. సీసా అయిపోతే ఇంకోటి. మందు తాగిన ప్రతిసారీ వాడికి విరేచనాలు పట్టుకునేవి. వారం రోజులు గంజి, మజ్జిగన్నం. కాస్త తేరుకుని రెండు ముద్దలు తినడం మొదలుపెట్టేసరికి మళ్లీ జలుబు వచ్చేది.

నాకూ జలుబు చేసేది. నాకు మాత్రం మిరియాల కషాయం. ఆడపిల్లకి మందు దండగ అని ఎవరూ అనలేదు, అంత అన్యాయం మా ఇంట్లో లేదు. నాకేమీ కాదులే అని ఒక నమ్మకం, అంతే. నాయనమ్మ నా దండ చెయ్యి పట్టుకుని, "దీనికేంది, గుండులా ఉంది. తమ్ముడు ఎదగాల్సింది కూడా ఇదే ఎదిగేసింది" అనేది. నవ్వుతూనే అనేది. చుట్టాలొస్తే అదొక ముచ్చటలా చెప్పేది. వాళ్లూ నవ్వేవాళ్లు.

నాకు మాత్రం అది ముచ్చట కాదు. ఆరేళ్ల పిల్లకి అటువంటి మాట నిజమే. పాలు తాగేసిన సంగతి నాకు గుర్తు లేదు. కానీ గుర్తు లేనంత మాత్రాన చెయ్యలేదని ఎట్లా అంటాను? తమ్ముడి చేతులు చూసేదాన్ని, నా చేతులు చూసుకునేదాన్ని. తీసుకున్నది తిరిగి ఇచ్చేయాలని రెండో తరగతిలో నిశ్చయించుకున్నాను.

అన్నానికి ఇద్దర్నీ పక్కపక్కన కూచోబెట్టేవాళ్లు. అమ్మ వంటింట్లోకి తిరిగినప్పుడల్లా నా కంచంలో గుడ్డు తీసి వాడి అన్నం కింద పెట్టేదాన్ని. చేపల పులుసు రోజు ముల్లు తీసి మరీ ముక్క వాడి కంచంలో వేసేదాన్ని. పొద్దున చద్దన్నం సగం వాడికే. వాడు మొదటిరోజు నా మొహంలోకి చూశాడు. నేను కళ్లతో తినమన్నాను. తిన్నాడు. ఎందుకని అడగలేదు. రెండు వారాలు ఇట్లా గడిచాయి. రోజూ పొద్దున వాడి పక్కన నిలబడి భుజం భుజం ఆనించి చూసుకునేదాన్ని, ఏమైనా పెరిగాడేమోనని.

ఒక సోమవారం బడిలో ప్రార్థన జరుగుతుండగా కళ్లు తిరిగి ఇసుకలో పడిపోయాను. లేచేసరికి టీచరు ఒళ్లో ఉన్నాను, నోట్లో చక్కెర నీళ్లు. అమ్మకి కబురు వెళ్లింది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని పొలం నుంచి అట్లాగే పరుగెత్తుకొచ్చింది. ఇంటికి తీసుకొచ్చి వరండాలో కూచోబెట్టి, "ఏమైందే? పొద్దున తిన్నావు గదా?" అని పదిసార్లు అడిగింది. తమ్ముడు స్తంభం చాటు నుంచి మెల్లగా చెప్పాడు.

"అక్క అన్నం నాకే పెడతా ఉందమ్మా. గుడ్డు కూడా. నేను ఎదగాలంట."

అమ్మ వాడి వంకా నా వంకా చూసింది. తర్వాత నాయనమ్మ వైపు తిరిగింది. అమ్మ అత్తగారి ముందు గొంతెత్తడం నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"అత్తా, బిడ్డకి ఈ ఆలోచన యాడి నుంచి వచ్చిందో మీకు తెలుసు. ఇంకొక్కసారి ఆ పాల మాట ఈ పిల్ల చెవిన పడితే, ఇద్దర్నీ ఎత్తుకొని అల్లూరు పోతాను. మళ్లీ రాను."

అల్లూరు అమ్మ పుట్టిల్లు. నాయనమ్మ చేటలో బియ్యం ఏరుతూ కూచుంది. ఆ రోజు నుంచి ఆ మాట ఆమె నోటి నుంచి రాలేదు. కానీ పండక్కి కొత్త గుడ్డలు కుట్టించేటప్పుడు, ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టినప్పుడు, ఆమె కళ్లలో అది కనిపించేది. మాట ఆగిపోయింది గానీ, నేను వినడం మానలేదు.

పదకొండు పన్నెండేళ్లు వచ్చేసరికి తమ్ముడి ఒళ్లు ఇంకో దారి పట్టింది. పొడుగు పెద్దగా పెరగలేదు, పొట్ట పెరిగింది. నాకంటే ఎక్కువేమీ తినేవాడు కాదు. పదో తరగతిలో నా చెవి దాకా వచ్చేవాడు, బరువు మాత్రం నాకంటే ఎక్కువ. నాయనమ్మకి ఆనందం. "ఇప్పటికి నా మనవడు ఒళ్లు చేసినాడు" అని దిష్టి తీసేది. బడిలో పిల్లలు పెట్టిన పేరు వేరే ఉంది, అది ఇక్కడ రాయను. వాడు మాత్రం ఆ పేరు విని వాళ్లకంటే ముందు తనే నవ్వేవాడు. అది వాడి తెలివి. ఒక్కడే ఉన్నప్పుడు చొక్కా గుండీల మధ్య సందు కనపడకుండా లోపల పిన్నీసు పెట్టుకోవడం నేను చూశాను.

ఇంటర్ తర్వాత వాడు నాయనతో పాటు గుంటల మీదికి వెళ్లాడు. అప్పటికి వరి పోయి రొయ్య వచ్చింది. నేను నెల్లూరులో మైక్రోబయాలజీ చదివాను. పెళ్లయ్యాక అక్కడే రొయ్య రైతుల కోసం నడిపే ఒక చిన్న ల్యాబులో చేరాను. రైతులు సీసాల్లో గుంట నీళ్లు, పాలిథిన్ సంచుల్లో బతికున్న రొయ్యలు తెస్తారు. రొయ్య పేగు నిండుగా ఉందా, తెగిందా చూడాలి. నీటి చుక్కని క్రిములకి మేత పోసిన గాజు పళ్లెంలో ఉంచితే మర్నాటికి అవి పెరిగి చుక్కల్లా లేస్తాయి. ఆకుపచ్చ చుక్కలు ఎక్కువైతే రైతు మొహం మాడుతుంది, పసుపువి ఉంటే కాస్త నయం. బ్యాక్టీరియా అనే మాట పలకడం కష్టమయ్యే రైతులు కూడా ఇక్కడ మంచి క్రిమి, చెడ్డ క్రిమి గురించి గంటసేపు మాట్లాడగలరు. బెల్లం, తవుడు పులియబెట్టి, అందులో మంచి క్రిముల పొడి కలిపి గుంటల్లో పోసేది అందుకే.

ఒకరోజు ఒక పెద్దాయన వచ్చాడు. గుంటలో రొయ్యపిల్ల వదిలిన మొదటి నెలలో ఎవరో చెప్పారని మేతలో యాంటీబయాటిక్ కలిపాడు. అది వాడకూడదని ఆయనకీ తెలుసు. పిల్ల చచ్చిపోతుందన్న భయంతో వాడేశాడు. అప్పటికి చావులు ఆగాయి. రెండు నెలలయ్యాక వల వేస్తే కొన్ని రొయ్యలు బొటనవేలంత, కొన్ని చిటికెనవేలిలో సగం. సంచి నా బల్ల మీద పెట్టి అడిగాడు.

"ఒకటే గుంట, ఒకటే మేత, ఒకే రోజు వదిలిన పిల్ల. కొన్ని ఎదిగినాయి, కొన్ని ఎదగలా. ఏందమ్మా ఇది?"

ఆ గుంటలో రొయ్య ఎదుగుదలని ఆపే వేరే జబ్బు కూడా ఉందని తర్వాత తేలింది, కాబట్టి తప్పంతా మందుదే అనడానికి లేదు. కానీ ఆ క్షణంలో నా ముందున్నది రొయ్యలు కాదు. ఒకే ఇల్లు, ఒకే అన్నం, ఒకే రోజు పుట్టిన ఇద్దరం.

ఆ మధ్యాహ్నం క్యారియర్ తెరిచి పెట్టుకుని ఫోన్లో చదవడం మొదలుపెట్టాను. కాలేజీలో చదివినదే కొంత గుర్తొచ్చింది. కోళ్ల ఫారాల్లో కోడి తొందరగా బరువెక్కడానికి మేతలో కొద్దికొద్దిగా యాంటీబయాటిక్ కలిపేవారని మా మేడం చెప్పింది. పరీక్ష కోసం రాసుకుని వదిలేశాను. ఆ మందే పసిపిల్లల పేగుల్లో ఏం చేస్తుందోనని అప్పుడు ఆలోచించలేదు. పుట్టిన కొత్తలో బిడ్డ పేగుల్లో కాపురం పెట్టే క్రిములు ఏమిటి, తల్లి పాలు వాటికి ఎట్లా మేత అవుతాయి, అవి ఒంటికి తిండిని వాడుకోవడం ఎట్లా నేర్పుతాయి, వాటిని మందు ఊడ్చేస్తే ఏమవుతుంది. చదువుతూ చదువుతూ అన్నం అట్లాగే మూతపెట్టేశాను.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఏం చెయ్యాలి? పద్దెనిమిది రోజులు ఆ గాజుపెట్టె ముందు నిలబడిన అమ్మతో, నీ కొడుకు ప్రాణం కాపాడిన మందు గురించి ఒక మాట అనాలని ఉంది అని ఎట్లా అంటాను? పైగా అది నా అనుమానం మాత్రమే. నా మీద నింద పోవాలన్న కోరిక కూడా అందులో కలిసి ఉందని నాకు తెలుసు. ఆ కోరిక ఉన్న మనిషి తనకి కావలసిందే చదువుతుంది. రెండేళ్లు అట్లాగే గడిచాయి.

తమ్ముడికి పెళ్లయింది, కూతురు పుట్టింది. నెలలు నిండి, మూడు కిలోల బిడ్డ. మా మరదలు నెమ్మదస్తురాలు, బిడ్డకి తన పాలు తప్ప ఏదీ పట్టేది కాదు. పాపకి అయిదో నెలలో జలుబు చేసి ఒళ్లు వెచ్చబడింది. అది ఆదివారం. నేను నెల్లూరు నుంచి అప్పుడే ఇంటికెళ్లాను. వెళ్లేసరికి తమ్ముడు మెడికల్ షాపు నుంచి వచ్చి స్టవ్ మీద నీళ్లు కాస్తున్నాడు. పక్కన సీసా. సీసాలో తెల్లటి పొడి.

"ఎవరు రాసిచ్చినారురా?" అన్నాను.

"రాసేదేంది? పిల్లకి జరం అని చెప్తే షాపాయన ఇచ్చినాడు. మనం తాగిందేగా."

"నువ్వు తాగింది."

వాడికి అర్థం కాలేదు. నాయనమ్మ మంచం మీద నుంచి, "ముందు మందు పొయ్యండబ్బా, పసిబిడ్డ కాగిపోతా ఉంటే మాటలేంది" అంది. ఆమెకప్పటికి ఎనభై దాటాయి, గొంతు మాత్రం తగ్గలేదు. నేను సీసా తీసి చేతిలో పట్టుకున్నాను.

"పిల్లల డాక్టరమ్మకి చూపిద్దాం. ఆమె పొయ్యమంటే నేనే పోస్తా."

తమ్ముడికి కోపం వచ్చింది. వాడికి కోపం రావడమే అరుదు. "నీకు అన్నిటికీ ల్యాబేనా అక్కా? నేను తాగి బతకలేదా?"

మరదలే లేచి పాపని భుజాన వేసుకుంది. "వదిన చెప్పింది నిజమే గదా, చూపిస్తే పోయేదేముంది" అని చెప్పులేసుకుంది. ముగ్గురం పాపతో నెల్లూరు వెళ్లాం. తమ్ముడు సీసా నా చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

పిల్లల డాక్టరమ్మది చిన్న గది. తొందరపడే మనిషి కాదు. పాప చొక్కా విప్పి, ఛాతీ ఎగిరేది చూస్తూ నిమిషం పాటు గడియారం పెట్టి లెక్కపెట్టింది. చెవులు, గొంతు చూసింది. పాలు బాగా తాగుతోందా, ఒంటికి పోస్తోందా అని అడిగింది.

"మామూలు జలుబమ్మా. దీనికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. జ్వరానికి చుక్కలు రాస్తాను, ముక్కులో ఉప్పునీటి చుక్కలు వెయ్యండి, పాలు ఇస్తూ ఉండండి. ఊపిరి వేగంగా తీసినా, పాలు తాగకపోయినా, మూడు రోజులకి జ్వరం తగ్గకపోయినా వెంటనే తీసుకురండి."

తమ్ముడు జేబులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది పోస్తే నష్టమా మేడం? నాకు చిన్నప్పుడు నెలనెలా పోసేవాళ్లు."

డాక్టరమ్మ వాడి వైపు చూసింది. నేను ఇక ఆగలేకపోయాను. మేమిద్దరం కవలలమని, వాడు పద్దెనిమిది రోజులు పెట్టెలో ఉన్నాడని, ఆ తర్వాత సీసాలు, ఎదగకపోవడం, పన్నెండేళ్లకి ఒళ్లు రావడం, అంతా చెప్పేశాను. చదివింది కూడా చెప్పాను. వాడి ముందు ఇదంతా మాట్లాడడం అదే మొదటిసారి. వాడు తల తిప్పి నన్నే చూస్తున్నాడు.

ఆమె అంతా విని నెమ్మదిగా చెప్పింది. "మీరు చదివింది అబద్ధం కాదు. పుట్టిన కొద్ది రోజుల్లోనే యాంటీబయాటిక్ పడ్డ మగపిల్లల్లో ఎదుగుదల కాస్త తగ్గడం పరిశోధనల్లో చూశారు. ఆ తర్వాతి ఏళ్లలో మాటిమాటికీ వాడిన పిల్లల్లో బరువు పెరగడం కూడా చూశారు. పేగుల్లో క్రిములు మారిపోవడం దానికి ఒక కారణం కావచ్చని అనుకుంటున్నాం. కానీ అది చాలామందిని కలిపి చూస్తే కనపడే సంగతి. ఈయన విషయంలో ఇదే కారణం అని నేను వేలుపెట్టి చూపించలేను. నెలలు నిండకుండా పుట్టారు, పెద్ద జబ్బు చేసింది, డబ్బా పాలు తాగారు. కవలలైనా మీరిద్దరూ ఒకే పోలిక కాదు. ఇన్ని ఉన్నాయి."

బల్ల మీది సీసా పక్కకి జరిపి అంది. "ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. ఆ పద్దెనిమిది రోజుల మందు లేకపోతే ఈయన ఇక్కడ కూచుని ఈ ప్రశ్న అడిగేవారు కాదు. ఆ మందుకి దణ్ణం పెట్టండి. తర్వాత జలుబుకి తాగిన సీసాల సంగతి వేరు."

నేను అడగకూడదనుకున్నది అప్పుడు నోట్లోంచి వచ్చేసింది. "మేడం, అప్పుడు నేను అమ్మ పాలన్నీ తాగడం వల్ల వీడికి తక్కువైందని మా ఇంట్లో..." మాట పూర్తి కాలేదు. ముప్పై ఏళ్లు దాటిన ఆడమనిషిని, ఆ గదిలో కళ్లనీళ్లు ఆపుకోలేకపోయాను.

డాక్టరమ్మ మొదట నవ్వబోయి, నా మొహం చూసి మానేసింది. "పాలు కుండలో పోసి పెట్టినవి కాదమ్మా, ఒకరు తాగితే ఇంకొకరికి తగ్గడానికి. బిడ్డ తాగేకొద్దీ తల్లికి పడతాయి. తాగే బిడ్డ లేకపోతే రెండు వారాల్లో చాలామందికి పాలు ఎండిపోతాయి. ఆ రోజుల్లో పాలు పిండించి దాచమని చెప్పేవాళ్లు కూడా తక్కువే. ఈయన పెట్టెలోంచి బయటికి వచ్చాక మీ అమ్మ పాలు తాగారా?"

"తాగినానంట," అన్నాడు తమ్ముడు. "రెండేళ్లు."

"మీ అక్క తాగబట్టే మీకు ఉన్నాయి."

పాప తుమ్మింది. మరదలు కొంగుతో దాని ముక్కు తుడిచింది.

బయటికొచ్చాక తమ్ముడు సీసా రోడ్డు పక్క చెత్తడబ్బాలో వెయ్యబోయి, మళ్లీ ఆగి, డాక్టరమ్మ దగ్గరికే తిరిగెళ్లి దీన్ని ఏం చెయ్యాలని అడిగొచ్చాడు. నేను అరుగు మీద కూచున్నాను. వాడు వచ్చి పక్కన కూచున్నాడు.

"నువ్వు చిన్నప్పుడు గుడ్డు పెట్టినావు చూడు, అందుకా?" అన్నాడు.

తలాడించాను.

"నాకు గుడ్డంటే ఇష్టమని పెడతన్నావనుకున్నా మొదట్లో. తర్వాత తెలిసింది. తెలిసినాక కూడా రెండు రోజులు తిన్నా." "ఇన్నేళ్లు దాన్ని మోస్తన్నావని నాకు తెలవదక్కా" అన్నాడు.

పాప జలుబు నాలుగో రోజుకి తగ్గింది.

ఇంట్లో ఈ సంగతి చెప్పింది నేను కాదు, తమ్ముడే చెప్పాడు. మరుసటి ఆదివారం నేను వెళ్లినప్పుడు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, నా తల నిమిరింది. "నాకు తెలుసే. పాలు చేపుకొస్తా ఉంటే పక్కన నువ్వు లేకపోతే నేను పిచ్చిదాన్నయ్యుందును. కానీ చెప్పడం రాలా" అంది.

నాయనమ్మకీ చెప్పాడట. ఆ రోజు నేను మంచం దగ్గరికి వెళితే నా చెయ్యి పట్టుకుంది. "నాకు అప్పుడెవరు చెప్పినారు? కళ్లకి కనపడింది అన్నా" అంది. క్షమించమని అడగలేదు. ఆమె అడిగే మనిషి కాదు, నేనూ ఎదురుచూడలేదు. ఆ చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు. నాకు అప్పుడు ఆమె మీద కోపం ఉందా అని వెతుక్కున్నాను. కొంచెం ఉంది. అంతకంటే ఎక్కువగా, రోజూ బస్సులో క్యారియర్ పట్టుకుని నెల్లూరు వచ్చి, అద్దంలోంచి చావుబతుకుల్లో ఉన్న మనవణ్ణి చూసిన ఆడమనిషి కనిపించింది. ఆమె ఆ భయాన్ని ఎవరి మీదో ఒకరి మీద వెయ్యాలి. దగ్గర్లో ఉన్నది నేను.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ పాపకి తొమ్మిదో నెలలో నిజంగానే పెద్ద జబ్బు చేసింది. రెండు రోజులు దగ్గు, మూడో రోజు పొద్దున ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయని మరదలు ఫోన్ చేసింది. డాక్టరమ్మ చెప్పిన గుర్తు ఆమెకి జ్ఞాపకముంది. అరగంటలో ఆసుపత్రిలో ఉన్నారు. న్యుమోనియా, యాంటీబయాటిక్ సూది మొదలుపెట్టాలి అన్నారు. ఈసారి భయపడింది తమ్ముడు.

వరండాలో నా చెయ్యి పట్టుకుని, "వద్దని చెప్పొచ్చా అక్కా? ఆడపిల్ల, నాలాగా అయిపోతే?" అన్నాడు.

వాడి నోటి నుంచి ఆ మాట విన్నాక గానీ నేను చేసిన పని నాకు తెలిసిరాలేదు. సగం చెప్పి వదిలితే నిజం కూడా ఇట్లాగే గుచ్చుకుంటుంది.

"జలుబుకి వద్దన్నానే గానీ దీనికి కాదురా. ఇది ఆ మందు చెయ్యాల్సిన పనే. ఎన్ని రోజులు ఇమ్మంటే అన్ని రోజులు, ఒక్క పూట తప్పకుండా ఇద్దాం. మధ్యలో ఆపం, మిగిల్చి గూట్లో దాచం. నువ్వు ఆ మందుతోనే బతికినావు, ఇదీ బతుకుద్ది."

వాడు లోపలికి వెళ్లి సంతకం పెట్టాడు. రెండో రోజు సాయంత్రానికి పాప పాల కోసం ఏడ్చింది. నా జీవితంలో అంత బాగున్న ఏడుపు వినలేదు. మందు పూర్తయ్యేదాకా, తర్వాత ఇంకో నాలుగు రోజులు విరేచనాలయ్యాయి. మరదలు తన పాలు ఆపలేదు, మెత్తటి పెరుగన్నం రెండేసి ముద్దలు పెట్టింది. తర్వాత సర్దుకుంది.

పాపకిప్పుడు రెండున్నరేళ్లు. గుంటల గట్ల మీద వాళ్ల నాయన వెనకాల చెప్పుల్లేకుండా తిరుగుతుంది. దాని వయసుకి తగ్గట్టే ఎదుగుతోంది. రేపెట్లా ఉంటుందో నాకు తెలియదు, డాక్టరమ్మకీ తెలియదు.

తమ్ముడికి పోయిన ఏడు రక్తపరీక్ష చేయిస్తే షుగరు గీత మీద ఉందన్నారు. అప్పటినుంచి పొద్దున్నే నడుస్తున్నాడు. ఆదివారాలు నేనూ వాడితో పాటు మైపాడు రోడ్డు మీద నడుస్తాను. గుంటల్లో నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతుంటాయి, ఉప్పుగాలి వస్తుంటుంది. వాడు నాకంటే పొట్టి కాబట్టి రెండడుగులు ఎక్కువ వేస్తాడు. నేను నెమ్మదిస్తే ఒప్పుకోడు.

పోయిన ఆదివారం నడుస్తూ అడిగాడు. "అక్కా, ఇదంతా ఎందుకైందో ఖాయంగా ఎప్పటికైనా తెలుస్తుందంటావా?"

"నీ ఒక్కడి సంగతి తెలవదేమోరా."

"పోనీలే," అన్నాడు. కాసేపు నడిచాక, ఈ పూట మరదలు రాగి సంగటి చేస్తానందని, కూరలోకి చింతచిగురు దొరికిందని చెప్పాడు. ఎండ అప్పటికే ఎక్కింది. ఇంటి వైపు తిరిగాం.